'స్వల్ప గాయాలతో బయటపడ్డారు' అని రాశాక...

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రమాద వార్తల చివర ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: 'మిగిలినవారు స్వల్ప గాయాలతో బయటపడ్డారు.' ఈ ఉత్తరం ఆ మిగిలినవారి కోసం. కుట్లు విప్పి, కట్లు తీసేసి, ఆస్పత్రి కాగితాలు బీరువాలో పెట్టేశాక నెలకో రెండు నెలలకో వాళ్లలో కొందరు అర్ధరాత్రి కేకలు వేస్తూ లేస్తారు. బండి ఎక్కమంటే చేతులు వణుకుతాయి. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఎగిరిపడతారు. కన్నపిల్లలు పక్కన కూర్చుని నవ్వుతున్నా మనసుకు ఎక్కదు. అగ్నిప్రమాదం, వరద, భూకంపం, యుద్ధం, అత్యాచారం, ఇంట్లో ఏళ్ల తరబడి తిన్న దెబ్బలు, వెంటిలేటర్ మీద గడిపిన రోజులు, ప్రాణం మీదికి వచ్చిన కాన్పు, వీటిలో ఏది దాటి వచ్చినవాళ్లకైనా ఇలా జరగవచ్చు. దీని పేరు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ. ఈ జబ్బుకు చికిత్స చేసే పనిలో ఉన్నవాళ్లం కలిసి ఇది రాస్తున్నాం.

దీనికి చికిత్స ఉంది. మూడు నాలుగు నెలల్లో చాలామందిని మళ్లీ మామూలు జీవితంలో పడేసే చికిత్స. అయినా పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ జబ్బున్న నలుగురిలో ఒక్కరే ఏదో ఒక చికిత్సకు వెళ్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతా ముగ్గురూ ఆగిపోవడానికి కారణాలు చాలా ఉన్నా, మేము రోజూ వినే మాట మాత్రం ఒకటే: 'జరిగిందేదో జరిగింది, మర్చిపో.' ప్రేమతో చెప్పే మాటే. కానీ ఆ మర్చిపోవాలనే ప్రయత్నం మీదే ఈ జబ్బు బతుకుతుంది. అదెలాగో వివరంగా చెప్పాలి కాబట్టే ఉత్తరం పొడుగైంది, మన్నించండి.

ముందు ఊరటనిచ్చే సంగతి. భయంకరమైన ఘటన ఎదురైన ప్రతివాళ్లకీ ఇది రాదు. ప్రపంచంలో దాదాపు 70 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా అలాంటి ఘటన ఎదురవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ వచ్చినవాళ్లు మాత్రం 3.9 శాతం మందేనని అదే సంస్థ అంచనా. మొదటి రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం, ఏడుపు, చిరాకు చాలామందికి ఉండేవే. ప్రమాదం అయిపోయిందని శరీరానికి ఇంకా తెలియలేదన్నమాట. రోజులు గడిచేకొద్దీ ఎక్కువమందికి అవే తగ్గుతాయి. లక్షణాలు నెల దాటినా వదలకుండా, పనినో చదువునో సంసారాన్నో దెబ్బతీస్తుంటేనే పీటీఎస్‌డీ అంటారు. కొందరికి ఆరు నెలలు దాటాక గానీ పూర్తిగా బయటపడదు. అప్పుడు పాత ఘటనకూ ఇప్పటి నిద్రలేమికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తట్టదు.

ఆ మొదటి నెలలో చేయాల్సింది కొద్దే. సురక్షితమైన చోటు, వేళకు తిండి, పక్కన నమ్మకమైన మనిషి, తనవాళ్లు ఎక్కడున్నారో ఎలా ఉన్నారో నిజమైన సమాచారం. చెప్పాలనుకుంటే వినాలి, వద్దనుకుంటే వదిలేయాలి. ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లోనే అందరినీ వరసగా కూర్చోబెట్టి 'ఏం చూశారు, ఏమనిపించింది' అని చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. డీబ్రీఫింగ్ అనేవారు. అలా ఒక్కసారి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ తర్వాత తేలింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఆ పద్ధతి వద్దనే రాసింది. అలాగే గాభరా తగ్గించి నిద్ర పట్టించే డయాజెపామ్, అల్ప్రజొలామ్ వంటి మాత్రలు ఈ తొలి నెల లక్షణాలకు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. ఇప్పటికీ చాలామందికి మొదట చేతికొచ్చే చీటీలో ఉండేవి అవే కావడం మాకు బాధ కలిగించే విషయం.

ఇక జబ్బు ఎలా నిలబడుతుందో చూద్దాం. లారీ ఢీకొట్టిన కారులోంచి బతికి బయటపడిన మనిషిని అనుకోండి. ఆ క్షణంలో బ్రేకుల కీచు, డీజిల్ వాసన, ఎదురుగా హెడ్‌లైట్ల వెలుగు, ఇవన్నీ 'చావు' అనే ఒక్క ముద్రతో మనసులో పడిపోయాయి. తర్వాతెప్పుడో ఇంటి ముందు ఏదో బండి బ్రేకు వేస్తే గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమటలు. గుర్తు రావడం వేరు, మళ్లీ జరుగుతున్నట్టే ఉండటం వేరు. ఈయనకు జరిగేది రెండోది. వెంటనే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటాడు. దడ తగ్గుతుంది. 'తలుపు వేసుకున్నాను కాబట్టి బతికాను' అని మనసు నేర్చుకుంటుంది. రేపు కిటికీ కూడా మూస్తాడు. ఎల్లుండి వీధిలోకి రాడు. బ్రేకు శబ్దం వల్ల ప్రాణం పోదనే సంగతి తెలుసుకునే అవకాశమే మనసుకు దొరకదు. తప్పుకున్న ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే. ఇంట్లోవాళ్లు కూడా తెలియకుండా ఇందులో చెయ్యి వేస్తారు: బయటి పనులన్నీ తామే చేసిపెడతారు, టీవీలో ప్రమాదం కనబడగానే ఛానల్ మార్చేస్తారు, ఆ ఊసే ఎత్తొద్దని చుట్టాలకు ముందే చెప్పేస్తారు. అంతా మంచికే అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి ప్రపంచం ఒక గదికి కుదించుకుపోతుంది.

డాక్టరు దగ్గర జరిగేదీ ఇలాంటిదే. ఎక్కువమంది ముందు వెళ్లేది మామూలు వైద్యుడి దగ్గరికి. చెప్పేది తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, నిద్ర పట్టడం లేదు, కోపం వస్తోంది. ఇవన్నీ నిజాలే. చెప్పనిది ఒక్కటే, అసలు ఘటన. దాన్ని తలవకపోవడమే జబ్బు లక్షణం కాబట్టి అది నోట రాదు. ఈసీజీ బాగుంటుంది, రక్తపరీక్షలు బాగుంటాయి, నిద్రమాత్రలు రాస్తారు. అక్కడితో ఏళ్లు గడిచిపోతాయి.

కాబట్టి మేము చెప్పే మొదటి మెట్టు ఇది: వివరాలు అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. 'ఫలానా నెలలో ఫలానా ప్రమాదంలో నేను ఉన్నాను, ఇవన్నీ అప్పటి నుంచే.' అత్యాచారమో ఇంట్లో హింసో అయితే 'నాకు ఒక చెడ్డ ఘటన జరిగింది, దాని గురించి ఇప్పుడు చెప్పలేను' అన్నా సరిపోతుంది. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. ఇంటి దగ్గరే ఆ చీటీ రాసుకుని వెళ్తే ఇంకా మంచిది. ఘటన జరిగిన నెల, అందులో తలకు దెబ్బ తగిలిందా, స్పృహ తప్పిందా, వారంలో ఎన్ని రాత్రులు పీడకలలు వస్తున్నాయి, ఏ పనులు మానేశారు, వాడుతున్న మాత్రలు, మద్యం ఎంత తాగుతున్నారు. తలకు దెబ్బ సంగతి తప్పకుండా రాయాలి. మెదడుకు తగిలిన దెబ్బ కూడా చిరాకు, మతిమరుపు, నిద్రలేమి తెస్తుంది; రెండూ కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా ఉంచకూడదు.

అనుమానం తీర్చుకోవడానికి వైద్యులు వాడే చిన్న జల్లెడ ఒకటి ఉంది, అయిదు ప్రశ్నలు. గత నెల రోజుల్లో ఆ ఘటన గురించి పీడకలలు వచ్చాయా, లేదా వద్దనుకున్నా ఆలోచనలు తోసుకొచ్చాయా? దాన్ని తలవకుండా ఉండటానికీ, గుర్తుచేసే చోట్లకు వెళ్లకుండా ఉండటానికీ బాగా తంటాలు పడ్డారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటోందా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? మనుషుల నుంచీ పనుల నుంచీ దూరమైనట్టు, మొద్దుబారినట్టు ఉందా? జరిగినదానికి మిమ్మల్నిగానీ ఇతరులనుగానీ నిందించుకోవడం ఆపలేకపోతున్నారా? మూడింటికి 'అవును' అంటే సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవాలి. ఇది నిర్ధారణ కాదు. నిర్ధారణ చేయాలంటే మనిషి ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడాల్సిందే. వాళ్లు పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం కూడా నింపిస్తారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 80. 31 నుంచి 33 మధ్యగానీ అంతకు మించిగానీ వస్తే జబ్బు ఉండొచ్చని గట్టి అనుమానం. ఆ పత్రం నకలు మీ దగ్గర ఉంచుకోండి. చికిత్స మధ్యలో మళ్లీ నింపితే అంకె దిగుతోందో లేదో మీకే తెలుస్తుంది. దిగకపోతే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

చికిత్స విషయానికి వద్దాం. కౌన్సెలింగ్ అని పేరున్న ప్రతిదీ పీటీఎస్‌డీ చికిత్స కాదు. ఓదార్పు మాటలు, శ్వాస వ్యాయామాలు, 'పాజిటివ్‌గా ఆలోచించండి' అనే సలహాలు కాసేపు హాయినిస్తాయేమోగానీ జబ్బు వేరు దాకా వెళ్లవు. బాగా పరీక్షకు నిలిచిన చికిత్సలన్నీ ఏదో ఒక రూపంలో ఆ జ్ఞాపకం దగ్గరికే మనిషిని తీసుకెళ్తాయి, తోడుగా, మెల్లగా, ఒక క్రమంలో.

వాటిలో ఒకటి సైకాలజిస్టు ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్. సుమారు 90 నిమిషాల సెషన్లు, 8 నుంచి 15 దాకా. ఇందులో రెండు పనులు. మొదటిది, మానేసిన పనులన్నిటినీ జాబితా రాసి ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేయడం. ఆ లారీ ప్రమాదం మనిషికి ఆగి ఉన్న కారులో కూర్చోవడం 40 కావచ్చు, పగటిపూట పక్క సీట్లో కూర్చుని కాస్త దూరం వెళ్లడం 55, తానే నడపడం 70, రాత్రిపూట లారీల మధ్య నడపడం 95. మొదలుపెట్టేది 40 దగ్గర. కారులో కూర్చున్నాక భయం పెరిగి, నిలబడి, తగ్గడం మొదలయ్యేదాకా కారు దిగకూడదు. అరగంట, ముప్పావుగంట పట్టవచ్చు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: భయం శిఖరాన ఉన్నప్పుడు దిగిపోతారు. అలా దిగితే 'పారిపోయాను కాబట్టి బతికాను' అనే పాత పాఠమే మళ్లీ గట్టిపడుతుంది. పాటలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, డోర్ హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నా ఫలితం సగమే. నిజంగా ప్రమాదకరమైన పనులు ఈ జాబితాలో ఉండవు; కొట్టే మొగుడున్న ఇంటికి తిరిగి వెళ్లడం అలవాటు చేసుకోమని ఏ థెరపిస్టూ చెప్పడు, చెప్పకూడదు.

రెండోది, జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా పైకి చెప్పడం. ఒకసారి చెప్పి ఆపడం కాదు, అదే సెషన్లో మళ్లీ మళ్లీ. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమంటారు. చదువుతుంటేనే క్రూరంగా అనిపిస్తుంది కదా. కానీ వినగా వినగా కథ మారదు, కథ ముందు మనిషి మారతాడు. ముక్కలు ముక్కలుగా ఉన్న జ్ఞాపకానికి ఒక వరస వస్తుంది, చివరికి 'అది అయిపోయింది' అనే ముగింపు దొరుకుతుంది.

మరో సైకాలజిస్టు పట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ దారి కాస్త వేరు. సాధారణంగా 12 సెషన్లు. ఇందులో ఘటన వివరాలకన్నా దాని మీద మనసు రాసుకున్న తీర్పుల మీద పని జరుగుతుంది. 'ఆ రోజు నేను బయల్దేరకపోతే వాడు బతికేవాడు.' ఈ ఒక్క వాక్యం మీద రెండు సెషన్లు పట్టినా పట్టవచ్చు. బయల్దేరేటప్పుడు నీకు ఏం తెలుసు? లారీ డ్రైవరు నిద్రపోతాడని తెలుసా? తెలిసీ చేసిన తప్పు, జరిగాక తెలిసిన సంగతి, ఈ రెండూ ఒకటేనా? జవాబులు థెరపిస్టు చెప్పడు, రోగి కాగితం మీద తానే రాసుకుంటాడు. సిగ్గు, అపరాధభావం భయంకన్నా ఎక్కువ ఉన్నవాళ్లకు మేము తరచూ ఈ దారే సూచిస్తాం. మూడోది ఈఎండీఆర్, అంటే ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్టు వేలి కదలికను కళ్లతో వెంబడించడం ఇందులో కనిపించే భాగం. ఇది హిప్నాటిజం కాదు. వివరాలు పైకి ఎక్కువగా చెప్పనక్కర్లేదు కాబట్టి కొందరికి ఇది సులువు. పిల్లలకైతే తల్లిదండ్రులనూ కలుపుకుని చేసే ట్రామా ఫోకస్డ్ సీబీటీ ఉంది, అంటే ఆ ఘటన చుట్టూ ఉన్న ఆలోచనల మీదా ప్రవర్తన మీదా పనిచేసే చికిత్స. చిన్నపిల్లలు ఘటనను మాటల్లో కాక ఆటల్లో చెబుతారు. బొమ్మకారును రోజూ గోడకు గుద్దే పిల్లాణ్ని అల్లరి అని కసరకుండా తీసుకురండి.

ఏ చికిత్స అయినా ముందుగా అడగాల్సినవి నాలుగు మాటలు. మీరు చేసేది ఏ పద్ధతి? దానిలో శిక్షణ పొందారా? సుమారు ఎన్ని సెషన్లు? బాగవుతోందని దేన్నిబట్టి కొలుస్తారు? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని వెతుక్కోవడంలో తప్పు లేదు. మొదటిరోజే, మీ గురించి ఏమీ తెలుసుకోకుండా, మొత్తం చెప్పించేవాళ్లతోనూ జాగ్రత్త. పది సెషన్లయినా ఆ ఘటన ఊసే ఎత్తనివాళ్లతోనూ జాగ్రత్త.

ఇక్కడే అసలు గండం. చికిత్స మొదలైన రెండు మూడు వారాల్లో కొందరికి పీడకలలు పెరుగుతాయి. 'తగ్గుతుందని వస్తే ఎక్కువైంది' అని మానేస్తారు. ఇన్నాళ్లూ మూతపెట్టినదాన్ని తెరిచినందువల్ల వచ్చే పెరుగుదల అది, ఎక్కువమందికి కొద్ది సెషన్లలో దిగుతుంది. ఈ సంగతి మొదటిరోజే చెప్పించుకోండి, ఇంట్లోవాళ్లకూ చెప్పించండి. సెషన్ రోజున తలనొప్పి, అత్యవసర పని, బస్సు తప్పిపోవడం వరసగా వస్తుంటే అది కూడా తప్పించుకోవడమేనని గుర్తుపట్టాలి. అలాంటప్పుడు రద్దు చేయకుండా, వచ్చి 'రావాలనిపించలేదు' అని చెప్పండి. ఆ సెషన్ వృథా పోదు.

మందులకూ ఇందులో చోటు ఉంది. థెరపీ అందుబాటులో లేనప్పుడు, డిప్రెషన్ తోడైనప్పుడు, లేదా రోగి అదే కోరుకున్నప్పుడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు ఆమోదించినవి రెండు: 1999లో సెర్ట్రలిన్, 2001లో పరాక్సెటిన్. వెన్లాఫాక్సిన్ కూడా వాడతారు. సెర్ట్రలిన్ మామూలుగా రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలై వారం తర్వాత రోజుకు 50కి వెళ్తుంది, అవసరాన్నిబట్టి 200 దాకా పెంచుతారు. మొదటి వారంలో వికారం, విరేచనాలు, కాస్త గాభరా ఉండొచ్చు. గుణం కనిపించాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పదిరోజులకే పనిచేయలేదని మానేయడం ఒక పొరపాటు. బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపేయడం ఇంకా పెద్ద పొరపాటు: తల తిరగడం, తలలో కరెంటు తగిలినట్టు జిల్లుమనడం, పీడకలలు తిరగబెట్టడం. తగ్గించేది డాక్టరు చెప్పిన లెక్కలో, మెల్లగా. ఇరవై అయిదేళ్లలోపు వాళ్లకు మందు మొదలెట్టిన, మోతాదు మార్చిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పీడకలలకు ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్ర కొందరికి ఇస్తారు. తొలి పరిశోధనల్లో బాగా పనిచేసింది, 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు. ఇస్తే పడుకునే ముందు వేసుకోవాలి, రాత్రి లేచేటప్పుడు కాసేపు మంచం మీద కూర్చుని లేవాలి, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. డయాజెపామ్ వంటి నిద్రమాత్రల సంగతి పైన చెప్పాం. అవి వాడుతూ ఉంటే మాత్రం సొంతంగా ఒక్కరోజులో ఆపకండి, ఫిట్స్ రావచ్చు. మద్యంతో నిద్ర పట్టినట్టే ఉంటుంది, తెల్లవారుజామున పీడకలలు ఎక్కువ కావచ్చు.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. రాత్రి కేకపెట్టి లేచిన మనిషిని పట్టి కుదపకండి. మీ చెయ్యి ఆ క్షణంలో శత్రువు చెయ్యిగా అనిపించవచ్చు. కాస్త దూరంలో నిలబడి, లైటు వేసి, పేరుపెట్టి పిలిచి, 'నువ్వు ఇంట్లో ఉన్నావు, నేను పక్కనే ఉన్నాను' అనండి. పగలు అలా ఏదో లోకంలోకి వెళ్లిపోతే కనిపిస్తున్నవి అయిదు, తాకగలిగినవి నాలుగు, వినిపిస్తున్నవి మూడు చెప్పమనండి. మెల్లగా ఈ గదిలోకి వస్తారు. ఇది ఆ పూట గడవడానికి. చికిత్సకు బదులు కాదు. ఇక 'మర్చిపో' అనే మాట నోటిదాకా వచ్చినప్పుడు, దాని బదులు 'డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను' అనండి. లోపలికి రానక్కర్లేదు, బయట బెంచీ మీద కూర్చున్నా చాలు.

చివరగా మీ పత్రికకు మా విన్నపాలు. పెద్ద ప్రమాదం జరిగిన నెలకు ఇచ్చే వార్తలో ఆ అయిదు ప్రశ్నలనూ చిన్న పెట్టెలో వేయండి, సరిగ్గా అప్పుడే అవి అవసరపడతాయి. సంవత్సరీకం రోజున పాత ఫొటోలు వేయాలనుకుంటే శవాలున్నవీ కాలుతున్నవీ మొదటి పేజీలో వద్దు. బతికి బయటపడ్డవాళ్లను 'ఆ క్షణంలో ఏమనిపించింది' అని అడగొద్దని విలేకరులకు చెప్పండి. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. ఇంకొకటి. పనిలో భాగంగా ఘోరాల వివరాలను పదే పదే చూడాల్సి వచ్చేవాళ్లకూ ఈ జబ్బు రావచ్చని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు వైద్యులు వాడే గ్రంథం) నిర్వచనంలోనే ఉంది. ప్రచురించని ఫొటోలన్నీ చూసి, వాటిలో వేయదగినది ఎంచే డెస్కు మనుషులు అందులోకి వస్తారు. ఆ ఫొటోలు చూసే డ్యూటీని ఒక్కరి మీదే వేయకుండా మార్చి మార్చి వేయండి, రాత్రి షిఫ్టు చివరి గంటలో అసలే వద్దు.

ఇట్లు,
పీటీఎస్‌డీ చికిత్సలో పనిచేస్తున్న కొందరు సైకాలజిస్టులు, సైకియాట్రిక్ నర్సులు